అడిగాం, ఒప్పుకోలేదు

జూలై 6

అక్కా,

ఈ ఉత్తరం నీ చేతికి అందేసరికి నన్ను ఒక విడత తిట్టేసి రెండో విడత మొదలుపెట్టి ఉంటావు. నా ఫోన్ కలవకపోవడానికి కారణం ఉంది. రాయబార శిక్షణ అకాడమీలో మొదటి మూడు నెలలూ మా ఫోన్లన్నీ గేటు పక్క గదిలో పెట్టి తాళం వేస్తారు. రాయబారి కాబోయేవాళ్ళకి ముందు ఉత్తరం రాయడం రావాలట. నీకు రాస్తే నాకు రెండు పనులూ అవుతాయి, అటు పాఠం, ఇటు తిట్లు.

ఇక్కడ అంతా మెత్తమెత్తగా ఉంటుంది. వరండా పొడుగునా తివాచీ. తలుపులకి కూడా శిక్షణ ఇచ్చారేమో, ఒక్కటీ చప్పుడు చెయ్యదు. భోజనాల గదిలో కూడా పాఠమే. నోట్లో ముద్ద ఉండగా ఎవరైనా ప్రశ్న అడిగితే ఎంతసేపు నమలాలో నేర్పారు. ఇష్టం లేని ప్రశ్నయితే ఇంకాస్త నమలొచ్చట. ‘కాదు’ అనే మాట వాడకూడదు. ‘పరిశీలిస్తాం’ అనాలి. నువ్వు ఇక్కడికొస్తే ఒక్క పూట కూడా నిలవవు.

ఇంక అసలు సంగతి. సంప్రదింపుల పాఠం చెప్పే పెద్దాయన మొదటి రోజు గదిలోకి వచ్చి ‘కూర్చోండి’ అన్నారు. ఆ ఒక్క మాటకే గుర్తుపట్టాను. ఆయనే అక్కా. నాన్న ఓడని పక్కదేశం వాళ్ళు పట్టుకున్నప్పుడు ప్రభుత్వం తరఫున ప్రతి శుక్రవారం అమ్మకి ఫోన్ చేసిన మెత్తని గొంతాయన. అమ్మ ఒక చెవితో వింటుంటే, నేను రిసీవరు అవతలి వైపు నా చెవి ఆనించి వినేదాన్ని. ఇల్లంతా ఏడుస్తున్నప్పుడు ఆ ఒక్క గొంతే ఏడవకుండా మాట్లాడేది. పెద్దయ్యాక అలా మాట్లాడే ఉద్యోగమే చెయ్యాలనుకున్నాను. ఇది నీకు నచ్చదని తెలుసు. అయినా నిజం అదే.

నేనెవరినో ఆయనకి ఇంకా చెప్పలేదు. అమ్మకి మాత్రం ఆయన సంగతి చెప్పు. సంతోషిస్తుంది.

నీ చెల్లి


జూలై 13

బుడంకాయ్,

అమ్మకి చెప్పాను. కింది వాటా వాళ్ళకీ, ఎదురింటావిడకీ కూడా చెప్పి వచ్చింది. ‘మంచివాళ్ళ చేతిలో పడింది పిల్ల’ అంది. ఆయనకి నమస్కారాలు చెప్పమంది. ఇదిగో చెప్పాను, నువ్వు అందించావో ఊరుకోను.

నేను చెప్పులేసుకుని మా కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళిపోయాను. కళ్ళు పరీక్ష చేయించుకోడానికి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. అక్షరాలు మసగ్గా ఉన్నాయమ్మా అన్నాడు. అన్నీ స్పష్టంగా కనిపించి ఎవరు బాగుపడ్డార్లెండి అన్నాను. మా యజమాని చేతిలో ఉన్న అద్దం కింద పెట్టి నా వంక చూశాడు.

నీకప్పుడు పదేళ్ళు. నీకు గొంతు గుర్తుంది, మిగతాది గుర్తు లేదు. చెప్తాను విను. నాన్న సరుకు ఓడలో ఇంజను గది మనిషి. ఓడ తమ నీళ్ళలోకి వచ్చిందని పక్కదేశం వాళ్ళు పట్టుకుని, రేవుకి కొంచెం దూరంలో లంగరు వేయించారు. ఎవర్నీ దిగనివ్వలేదు. నెలలు గడిచాయి. నాన్నకి కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్. ఏ మామూలు ఆసుపత్రిలోనైనా కోసి తీసేసి నాలుగు రోజుల్లో ఇంటికి పంపేవాళ్ళు. ఒడ్డు కంటికి కనిపిస్తూనే ఉందట, వెనక్కి వచ్చినవాళ్ళు చెప్పారు. రోగిని దించి వైద్యం చేయించమని అడిగారా అని ఆ శుక్రవారం అమ్మ అడిగితే మీ పెద్దాయన ఏమన్నాడు? ‘అడిగాం, ఒప్పుకోలేదు.’ మళ్ళీ శుక్రవారానికి నాన్న లేడు.

నేను వాళ్ళ కార్యాలయం గేటు ముందు నిలబడి అరిచాను. లోపలికి పిలిపించి, ఒక్క కుర్చీ కూడా లేని గదిలో నిలబెట్టి ‘కూర్చోమ్మా’ అన్నాడు మహానుభావుడు. నేను గొంతు పెంచితే మిగతావాళ్ళ ప్రాణాల మీదికి వస్తుందన్నాడు. అమ్మ కూడా నన్నే కసిరింది.

ఇన్నేళ్ళుగా నాకు ఒకటే అనుమానం. ఎవర్ని అడిగారు? వాళ్ళు ఏమని జవాబిచ్చారు? ఎదురుగా కూర్చుని పాఠం వింటున్నావు కదా, అడుగు. ఎవరి కూతురివో చెప్పి మరీ అడుగు. చెప్పకుండా దాచుకున్నావంటే, నాన్న చేతులకి నూనె మసి ఉండేదని నీకు సిగ్గనుకుంటాను.

అక్క


జూలై 27

అక్కా,

సిగ్గన్నావు. నాన్న ఏ పని చేశారో, ఎలా పోయారో నా దరఖాస్తులో నా చేత్తోనే రాశాను. ఎవరైనా చదువుకోవచ్చు. నేను దాచలేదు, చాటలేదు, అంతే. క్లాసులో అందరి ముందూ లేచి అడగడం నీకు తేలిక. ఇక్కడ ప్రతి మాటకీ మార్కులున్నాయి. సమయం చూసి అడుగుదామనుకున్నాను.

మొన్న గురువారం మాకొక అభ్యాసం పెట్టారు. ఒక సరుకు ఓడని పక్కదేశం పట్టుకుంది. మా అందరికీ తలా ఒక పాత్ర. నేను మన ప్రభుత్వం తరఫు అధికారిని. నాతోటి శిక్షణార్థి ఒకడున్నాడు, మేమంతా పొడుగు అని పిలుస్తాం. అతనికి ‘పెద్ద కూతురు’ పాత్ర వచ్చింది. కాగితంలో ఇలా ఉంది: ‘వయసు ఇరవై. కోపిష్ఠి. పత్రికలవాళ్ళ దగ్గరికి వెళ్తానని బెదిరిస్తుంది. ఈమెను శాంతపరచడం అధికారి బాధ్యత.’ పొడుగు నడుం మీద చేతులు పెట్టుకుని అరిచాడు. అందరూ నవ్వారు. నేను శాంతపరిచాను. ఈ బ్యాచిలో ఇంత బాగా ఎవరూ చెయ్యలేదన్నారు పెద్దాయన.

ఆ తర్వాత ఇంకా జరిగింది. ఇప్పుడు రాయలేను. అమ్మకి ఏమీ చెప్పకు.

చెల్లి


ఆగస్టు 3

రాయబారి గారికి,

తమరి ఉత్తరం అందింది. నన్ను చక్కగా శాంతపరిచినందుకు అభినందనలు. ఎన్ని మార్కులు వేశారు? వాళ్ళ పెద్దాయన కుర్చీ లేని గదిలో కూడా చెయ్యలేకపోయిన పనిని మా ఇంటి పిల్ల తివాచీ మీద చేసి చూపించిందన్నమాట.

పొడుగు బాగా అరిచాడా? నాలాగే అరిచాడా, ఇంకా నవ్వొచ్చేలా అరిచాడా? నీకు తెలుసుగా నేనెలా అరుస్తానో, నేర్పించి ఉండాల్సింది. ఆ పక్కన ‘నాన్న’ పాత్ర కూడా ఎవరికైనా ఇచ్చారా? కడుపు పట్టుకుని పడుకోవడం కష్టమేం కాదు, మాటలు కూడా ఉండవు.

అది మన ఓడేనని నీకు తెలియక కాదు. తెలిసే చేశావు. చేసి, బాగా చేశానన్నారని నాకు రాశావు. ‘ఇప్పుడు రాయలేను’ అని ఒక ముక్క తగిలించావు. మెడలో పతకం వేశారేమో, రాయడానికి మొహమాటపడ్డావు.

అమ్మ ఉత్తరంలో ఏముందని అడిగింది. భోజనం బాగుందట అన్నాను. ఇకమీదట నాకు రాయకు. పాఠం కోసం ఉత్తరం రాసి తీరాలంటే మీ పెద్దాయనకే రాసుకో, పక్కగదే కదా, స్టాంపు కూడా అక్కర్లేదు.

కోపిష్ఠి, వయసు ముప్ఫై మూడు


ఆగస్టు 17

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపే ముందు ఒక్కసారి చదువు.

నేను గొప్పకి రాయలేదు. ఆ రోజు జరిగిందంతా రాద్దామని కూర్చున్నాను. చెయ్యి అక్కడి దాకా వచ్చి ఆగిపోయింది. అందుకే ఆ ఉత్తరం అలా మొండెంలా వచ్చింది. తల ఇప్పుడు పంపుతున్నాను.

అభ్యాసం మొదలుపెట్టి కాగితం చదివేదాకా అది మన ఓడని నాకు తెలియదు. తెలిశాక లేచి నేను చెయ్యనని అనొచ్చు. అనలేదు. నోరు దానంతట అదే ఆయనలా మాట్లాడింది. చిన్నప్పటి నుంచీ విన్న గొంతు కదా, అరువు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది.

అయిపోయాక ఆయన మా మధ్యలోకి కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

‘ఇది నిజంగా జరిగిందే. ఓడలో ఒకతనికి జబ్బు చేసింది. ఆ వారం చర్చలు తెగిపోయేలా ఉన్నాయి. రోగిని దించమని మనం అడిగితే దానికి బదులుగా వాళ్ళు ఇంకోటి అడుగుతారు. అందుకని మేము అడగలేదు. అతను పోయాడు. దాంతో వాళ్ళకి ప్రపంచం ముందు తలవంపులైంది, మిగతా అందర్నీ త్వరలోనే వదిలేశారు. అడగడం ఎంత పనిముట్టో, అడగకపోవడం కూడా అంతే పనిముట్టు.’

అడగలేదు అక్కా. అసలు అడగనే లేదు.

అందరూ రాసుకున్నారు. నా పక్కనున్న అమ్మాయి ‘పనిముట్టు’ కింద గీత కూడా గీసింది. నేనూ రాసుకున్నాను. రాసుకున్నాక చూసుకుంటే అక్షరాలు చాలా గుండ్రంగా, అందంగా ఉన్నాయి. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. లేచి నిలబడలేదు. నువ్వు అడగబోయే ప్రశ్నకి ఇదే జవాబు.

ఆ రోజు నుంచీ వరండాలో ఆయన నమస్కారం పెడితే తిరిగి పెడుతున్నాను. పెట్టినప్పుడల్లా ఆ చేతుల్తోనే ఆయన్ని నెట్టెయ్యాలనిపిస్తోంది. నాకు కోపం అలవాటు లేదు. ఇంట్లో నీ వాటాకి అది వచ్చింది, నా వాటాకి బుద్ధిమంతురాలన్న పేరు వచ్చింది. ఇంత కోపాన్ని ఒళ్ళో పెట్టుకుని నువ్వు ఇన్నేళ్ళు అన్నం ఎలా తిన్నావు? బస్సెక్కి పనికి ఎలా వెళ్ళావు? అది చెప్పు ముందు.

చెల్లి


ఆగస్టు 23

బుడంకాయ్,

దుకాణం వెనక గదిలో, అద్దాలు అరగదీసే యంత్రం పక్కన నిలబడి చదివాను. యంత్రం ఆడుతుండగా నేనేమన్నానో ఎవరికీ వినపడలేదు. వినపడి ఉంటే ఉద్యోగం ఉండేది కాదు.

నీ మీద కోపం పోలేదు. దాన్ని కాస్త పక్కకి జరగమని ఇంకో కోపానికి చోటిచ్చాను, అంతే.

ఎలా తిన్నావని అడిగావు. చాలా రోజులు తినలేదు. తర్వాత ఆకలేసింది, తిన్నాను. ఇందులో నేర్పడానికేం లేదు. కానీ ఇన్నేళ్ళూ నేను పక్కదేశం వాళ్ళని తిట్టుకున్నాను. రోగిని దించడానికి ఒప్పుకోని రాళ్ళు అనుకున్నాను. వాళ్ళని ఎవరూ అడగనేలేదన్నమాట. అడిగి ఉంటే ఒప్పుకునేవాళ్ళేమో. ఈ ‘ఏమో’ని ఏం చేసుకోను ఇప్పుడు? ఇది కొత్తది. ఇది నమలడానికి రావడం లేదు, మింగడానికి రావడం లేదు.

అమ్మ నిన్న కూడా ఆయన్ని గుర్తు చేసుకుంది. చెప్పేద్దామని ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. ‘ఏమిటే’ అంది. ‘ఏం లేదు’ అని లేచొచ్చాను. ఊరందరి మీదా అరిచేదాన్ని, అమ్మ ముందు నోరు పెగల్లేదు. ఇది నేను చెప్పాల్సింది కాదు. ఎవరు అబద్ధం చెప్పారో వాళ్ళే చెప్పాలి.

నువ్వు లే. సమయం చూడకు, మార్కులు చూడకు. లేచి, ఆ పోయినవాడు ఎవరో ఆ గదిలో అందరికీ చెప్పు. నువ్వు లేవకపోతే నేనొచ్చి గేటు దగ్గర నిలబడతాను. అప్పటికంటే ఇప్పుడు గొంతు ముదిరింది.

అక్క


సెప్టెంబరు 5

అక్కా,

లేచాను.

గురువారం పాఠం మొదలవగానే అందరి ముందే. ‘మొన్న మీరు చెప్పిన ఓడలో పోయింది మా నాన్న. ఆ పెద్ద కూతురు మా అక్క. ఆ శుక్రవారం మీరు మా అమ్మతో, అడిగాం, ఒప్పుకోలేదు అన్నారు’ అన్నాను. గొంతు తగ్గించలేదు.

అతను కంగారు పడలేదు. ‘తెలుసమ్మా’ అన్నాడు. గమనించావా, ‘అన్నాడు’ అని రాస్తున్నాను. ఇకమీద అతనికి గౌరవవాచకం పెట్టడం నా వల్ల కాదు. ‘నీ దరఖాస్తు చూసినప్పుడే తెలుసు. అందుకే అధికారి పాత్ర నీకిచ్చాను. అది దాటగలిగితే నువ్వు ఇంకేదైనా దాటగలవు. దాటావు కూడా’ అన్నాడు.

మెచ్చుకుంటున్నాడు అక్కా. నేనెవరో తెలిసే నన్ను అక్కడ కూర్చోబెట్టి, నాన్న చావుని నాకు పరీక్షగా పెట్టి, నెగ్గానని మెచ్చుకుంటున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు నీ కోపం. గేటు ముందు నిలబడి అరిచావంటే ఇన్నాళ్ళూ నాలో ఒక మూల సిగ్గుగానే ఉండేది. నువ్వు పట్టుకున్న సిగ్గు సరైనదే, మనిషే వేరు. నాన్న గురించి కాదు, నీ గురించి.

‘నేను దాటలేదు. మీరు మా ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పాలి. ఫోన్లో కాదు’ అన్నాను. గదిలో అందరూ కాగితాల్లోకి చూస్తున్నారు. పొడుగు ఒక్కడే లేచి నిలబడ్డాడు. ఆ రోజు అలా అరిచి నవ్వించినందుకు తనకి మొహం చెల్లడం లేదని చెప్పి, నిలబడే ఉన్నాడు.

తర్వాత జరిగేవి జరిగాయి. డైరెక్టరు గారి గదికి పిలిచారు. సంస్థ మర్యాద భంగపరిచానని హెచ్చరిక ఇచ్చారు. మార్కుల్లో ముందు వరసలో ఉన్నదాన్ని చివరి వరసకి వచ్చాను. మొదటి ఉద్యోగం ఎవరూ కోరుకోని చోటే వేస్తారట. క్షమాపణ రాసిస్తే ఆలోచిస్తామన్నారు. పరిశీలిస్తానన్నాను.

మానేసి వస్తాననుకుంటున్నావేమో. వాళ్ళూ అదే అనుకున్నారు. రాను. నేను వచ్చేస్తే ఆ పాఠం అలాగే ఉంటుంది, వినేవాళ్ళు మారతారంతే. ఎవరూ కోరుకోని చోట కూడా జైళ్ళుంటాయి, రేవులుంటాయి, వాటిల్లో మనవాళ్ళుంటారు. వాళ్ళకోసం నోరు తెరిచి అడగడానికి ఒక మనిషి కావాలి.

ఇంటికి వస్తానని మాటయితే ఇచ్చాడు. వస్తాడో లేదో తెలియదు. వాళ్ళ మాటల సంగతి నీకు నేను చెప్పాలా.

చెల్లి


సెప్టెంబరు 14

బుడంకాయ్,

వచ్చాడు.

ఇవాళ ఆదివారం. పొద్దున నేను మెట్ల మీద బట్టలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒంటరిగా, నడిచి వచ్చాడు. ముసలాడైపోయాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను కూర్చోమనలేదు. కానీ అమ్మ లోపల్నుంచి ఆ గొంతు విని పరిగెత్తుకొచ్చింది. మంచి కుర్చీ తుడిచి ఫ్యాను కింద వేసింది. ఇంత దూరం వచ్చారా, చిన్నది బాగా చదువుతోందా అని ఒకటే మాటలు. నేను గోడకి ఆనుకుని పళ్ళు బిగబట్టి నిలబడ్డాను.

అతను నేల చూస్తూ చెప్పాడు. ఆ మెత్తని గొంతుతోనే. ఆ రోజుల్లో పరిస్థితులు అలాంటివని, చాలా మంది ప్రాణాలు చూసుకోవాల్సి వచ్చిందని, ఆ విషయం అవతలివాళ్ళ దగ్గర ప్రస్తావనకి రాలేదని. ‘ప్రస్తావనకి రాలేదు’ అన్నాడు.

అమ్మ లేచి వెళ్ళి వీధి వైపు కిటికీ రెండు రెక్కలూ తీసింది. మెట్ల వైపు తలుపు బార్లా తీసింది. వచ్చి కూర్చుంది.

‘అయ్యా, నాకు సరిగ్గా వినపడలేదు. గట్టిగా చెప్పండి’ అంది.

అమ్మ చెవుల సంగతి నీకు తెలుసు. పక్కింట్లో పాలు పొంగితే ఇక్కణ్ణుంచి చెప్తుంది.

మళ్ళీ చెప్పాడు, ఇంకాస్త పైకి. ‘వినపడలేదు. తేలిక మాటల్లో చెప్పండి’ అంది. కింది వాటా ఆయన మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎదురింటావిడ కిటికీలోకి వచ్చింది. అతను నా వంక చూశాడు, ఈమెని శాంతపరచమన్నట్టు. నేను కిటికీ వంక చూశాను.

‘మేము అడగలేదు’ అన్నాడు.

‘ఇంకా గట్టిగా.’

‘మేము అడగలేదమ్మా. అడిగామని మీకు అబద్ధం చెప్పాను.’ ఆ గొంతు పగిలింది. ఉద్యోగం మొత్తంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడి ఉండడు. దగ్గొచ్చింది. ఎవరూ మంచినీళ్ళివ్వలేదు.

‘ఇప్పుడు వినపడింది. ఇంక వెళ్ళండి’ అంది అమ్మ.

అతను మెట్లు దిగుతుంటే కింది వాటా ఆయన పక్కకి తప్పుకోలేదు. గోడకి రాసుకుంటూ దిగాడు.

నాకు ఉపశమనం కలిగిందా అని అడగకు. కలగలేదు. అమ్మ నా వైపు తిరగకుండానే అంది. ‘ప్రతి శుక్రవారం ఫోన్ పెట్టేసే ముందు, మీరు భోంచేశారా అని అడిగేదాన్ని ఆయన్ని. ఆ రోజూ అడిగాను. చేశానమ్మా అన్నాడు.’ మళ్ళీ, ‘అప్పుడు నిన్నే నోరుమూసుకోమన్నాను’ అంది. నేను మూసుకోలేదు కదా అన్నాను. లేచి వంటింట్లోకి వెళ్ళింది.

అక్కణ్ణుంచే ఈ చప్పుళ్ళు. నీకు ఇది రాస్తుంటే అమ్మ గిన్నెలు విసిరి కొడుతోంది, ఒక్కొక్కటి, గోడకేసి. మన ఇంట్లో కోపం నా ఒక్కదాని సొత్తనుకున్నాను ఇన్నాళ్ళూ. కిందివాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. ఏమీ కాలేదు, కానివ్వండి అన్నాను.

గిన్నెలు అయిపోయేలా ఉన్నాయి. పళ్ళాలు అందించడానికి వెళ్తున్నాను.

అక్క